పిత్తం పెరిగింది, ఆకలి చచ్చింది: ఒక ఆమ్లపిత్త రోగితో ఆరు నెలలు

ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా. వయసు 42. కార్తీక సోమవారం సాయంత్రం, ఉపవాసంలో ఉన్న భార్య వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. కూర్చోగానే చొక్కా జేబులోంచి అల్లం మురబ్బా పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. "ఇది లేకపోతే పూట గడవదు డాక్టరమ్మ గారూ. పైత్యం. రెండున్నరేళ్ల నుంచి వదలడం లేదు" అన్నారు. బస్సుల్లో, రైళ్లలో పైత్యానికి మంచిదని అమ్మే మురబ్బాయే అది. ఆ పొట్లం నాకు చాలా ముఖ్యమైన సంగతి చెప్పింది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం పన్నెండు రోజులు పట్టింది.

నేను ఆయుర్వేద వైద్యురాలిని. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. లక్షణాలు, మందులు, తేదీల వరస నా నోటు పుస్తకంలో ఉన్నవే.

వచ్చినప్పుడు ఎలా ఉన్నారు

ఛాతీ మధ్య నుంచి గొంతు దాకా మంట. పుల్లటి తేన్పులు. వారానికి రెండు మూడు సార్లు పొద్దున్నే పుల్లగా, ఆకుపచ్చగా పసరు కక్కేవారు. కక్కాక గంట సేపు హాయిగా ఉండేది. తలకు ఒక పక్క వచ్చే నొప్పి కూడా వాంతి అయ్యాకే దిగేది. అరచేతులు, అరికాళ్లు మంటలు. నెలకోసారి నోటి పూత. విరేచనం ఒక రోజు సరిగ్గా కాదు, మర్నాడు మూడుసార్లు. మంట ఎక్కువగా ఎప్పుడని అడిగితే మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి అన్నారు. పగటికి, రాత్రికి నడిమి భాగాలు పిత్తానివని, అంటే ఒంట్లో వేడిని, అరుగుదలను నడిపే దోషానివని, ఆయుర్వేద శాస్త్రం చెబుతుంది. ఆయన గడియారం దానితో సరిపోయింది.

బరువు 71 కిలోలు, రక్తపోటు 128/82, నాడి నిమిషానికి 84. నాలుక అంచులు ఎర్రగా, వెనక భాగంలో మందంగా పసుపు పాచి. ఎనిమిది నెలల క్రితం ఎండోస్కోపీ చేయించుకున్నారు. పొట్ట కింది భాగంలో వాపు ఉంది, పుండు లేదు, హెచ్.పైలోరీ (కడుపులో పుండ్లకు కారణమయ్యే బాక్టీరియా) లేదని రిపోర్టు. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర అప్పటికి రెండేళ్లుగా నడుస్తోంది. ఆ మాత్ర వాడుతూ చేయించుకుంటే హెచ్.పైలోరీ ఉన్నా ఒక్కోసారి పరీక్షలో పట్టుబడదు. అందుకని ఈ ప్రశ్నను ఇంకా మూసెయ్యకూడదని పుస్తకంలో రాసుకున్నాను.

ఛాతీలో మంట అంటూ నలభై దాటిన మగమనిషి వస్తే, పొగ తాగే అలవాటు కూడా ఉంటే, నాడి పట్టుకునే ముందే ఈసీజీ తీయిస్తాను. తీయించాను, నార్మల్. రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, మింగడం కష్టం కావడం, బరువు తగ్గడం ఏవీ లేవు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు ఆసుపత్రికి పంపేదాన్ని. లివర్ పరీక్షలు చేయించాను, బాగున్నాయి.

దినచర్య చెప్పమంటే భార్యే అందుకున్నారు. "నాలుగున్నరకి లేస్తారండి. పరగడుపున రెండు టీలు. ఎనిమిదిన్నరకి యార్డు దగ్గర బజ్జీలో, ఇడ్లీ కారప్పొడో. మధ్యలో ఎన్ని టీలో ఆయనకే లెక్క లేదు. భోజనం మూడింటికి మెస్సులో. రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి ఆవకాయ, గోంగూర, పుల్ల పెరుగు. తిన్న పావుగంటకి పడుకుంటారు." రోజుకు ఐదారు సిగరెట్లు. ఆదివారం మద్యం. టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్క పెడుతూ వంగి లేవడంతో నడుము నొప్పి. ఆ నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కున్న డైక్లోఫెనాక్ మాత్ర వారానికి మూడు నాలుగు, అదీ టీతో. ఈ చివరి సంగతి ఎండోస్కోపీ చేసిన వాళ్లకు కూడా ఆయన చెప్పలేదట. "నడుము మాత్ర కదా, కడుపుకి సంబంధం ఏముందనుకున్నాను" అన్నారు. కడుపు లోపలి పొరను కాపాడే జిగురును ఆ మాత్ర తగ్గించేస్తుంది. అందుకే మా దగ్గరికి కడుపు మంటతో వచ్చే ప్రతి ఒక్కరినీ నొప్పి మాత్రల గురించి విడిగా, పేరు పెట్టి అడగాలి.

నేను చేసిన పొరపాటు

శరదృతువు, కారం, పులుపు, కోపం, మంట. అన్నీ చూసి పిత్తం పెరిగిందని రాసుకున్నాను. అందులో తప్పు లేదు. తర్వాత అడుగు తప్పు వేశాను. వేడికి చలవ అని మందు రాసేశాను. శతావరి చూర్ణం పాలతో రెండు పూటలా, అతిమధురం, పటికబెల్లం, బార్లీ నీళ్లు, అన్నంలో రెండు చెంచాల నెయ్యి, మంట లేచినప్పుడు చల్లటి పాలు. డైక్లోఫెనాక్ ఆ రోజే ఆపించాను, నడుముకు పైన రాయడానికి పిండ తైలం ఇచ్చాను.

పన్నెండో రోజున వచ్చారు. మంటకు పదికి ఎన్ని మార్కులు అంటే ఎనిమిది నుంచి ఆరుకు దిగిందన్నారు. మాత్ర ఆపినందుకే అంత తగ్గి ఉండొచ్చు. "మంట పర్లేదు గానీ కడుపులో బండ పెట్టినట్టుంది. అన్నం చూస్తే తినబుద్ధి కావడం లేదు. పసరు మాత్రం అలాగే పడుతోంది" అన్నారు. నాలుక మీద పాచి ముందుకు పాకింది.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: "అసలు ఆకలి ఎప్పుడు వేస్తుంది?" ఎప్పుడు తింటారని అడిగాను తప్ప ఆకలి వేస్తుందా అని అడగలేదు. ఆయన చాలా సేపు ఆలోచించారు. "ఆకలి వేసి తిని రెండేళ్లయింది. టైమైందని తింటాను. మురబ్బా ముక్క వేసుకుంటే కాస్త తేలికపడి ఒక ముద్ద దిగుతుంది" అన్నారు.

మురబ్బా అంటే అల్లం. అల్లం వేడి. నిజంగా కడుపులో నిప్పు మండిపోతుంటే అల్లం పడగానే మంట రెట్టింపు కావాలి. ఈయనకు తేలికపడుతోంది. అంటే ఈయనలో పెరిగింది నిప్పు కాదు.

చరకుడు గ్రహణీ చికిత్సలో ఒక పోలిక చెప్పాడు. వేడినీళ్లు వేడిగానే ఉంటాయి, కానీ పొయ్యి మీద పోస్తే నిప్పు ఆరిపోతుంది. పెరిగిన పిత్తం జఠరాగ్నిని అలాగే ముంచి ఆర్పేస్తుంది. పిత్తానికి వేడి, చురుకు ఎంత ఉన్నాయో, ద్రవంగా ఉండే గుణమూ అంతే ఉంది. ఎవరిలో ఏ గుణం పెరిగిందో చూసుకోవాలి. ఈయనలో ద్రవం, పులుపు పెరిగాయి. పిత్తం సహజ రుచి కారమనీ, అది చెడి పులిసినప్పుడే పుల్లబడుతుందనీ సుశ్రుతుడు అన్నాడు. ఆకుపచ్చగా, చిక్కగా, పుల్లగా పడే పసరు ఆమంతో, అంటే సరిగ్గా అరగక మిగిలిపోయిన పదార్థంతో, కలిసిన పిత్తానికి గుర్తు. ఆమం లేని పిత్తం ఆకలిని పుట్టిస్తుంది, ఆకలిని చంపదు. ఇలా ఆరిపోయిన పొయ్యి మీద నేను పాలు, నెయ్యి, అతిమధురం పోశాను.

మన ఇళ్లలో "వేడి చేసింది" అనే మాట ఒక్కటే ఉంది. మూత్రంలో మంటకూ, నోటి పూతకూ, కడుపు మంటకూ అదే మాట, అదే మందు: మజ్జిగ, సబ్జా, కొబ్బరి నీళ్లు. ఎండలో తిరిగొచ్చిన మనిషికి అది చక్కగా సరిపోతుంది. కడుపులో అన్నం పులిసిపోతున్న మనిషికి సరిపోదు. ఇది తెలిసి కూడా నేను అదే దారిలో వెళ్లాను. అందుకే ఈ కేసు ఇంత వివరంగా రాస్తున్నాను.

మార్చిన చికిత్స

పాలు, బార్లీ నీళ్లు, శతావరి, అతిమధురం అన్నీ ఆపేశాను. (అతిమధురం గురించి ఇంకో జాగ్రత్త: నెలల తరబడి వాడితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లు సొంతంగా వాడకూడదు.) మూడు రోజుల పాటు వరి పేలాల జావ, పాత బియ్యంతో పల్చటి గంజి, పెసర కట్టు మాత్రమే. వాంతులయ్యే ఆమ్లపిత్తానికి పేలాల కంటే తేలికైన ఆహారం నాకు తెలియదు. తాగడానికి చెంచాడు ధనియాలు, చిటికెడు శొంఠి వేసి కాచి చల్లార్చిన నీళ్లు.

ప్రధాన మందు చేదు. తిప్పతీగ, నేలవేము, వేపచెక్క, పర్పాటకం, త్రిఫల కలిపిన కచ్చాపచ్చా పొడి 10 గ్రాములు, 160 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి 40కి మరిగించి, బాగా చల్లారాక చెంచాడు తేనెతో, భోజనానికి అరగంట ముందు రెండు పూటలా. పిత్తాన్ని తగ్గించే రుచులు మూడు: తీపి, చేదు, వగరు. వీటిలో తీపి చల్లనిదే కానీ బరువు. చేదు చల్లనిది, తేలికైనది, పైగా అదనపు ద్రవాన్ని పీల్చేస్తుంది, ఆకలిని రగిలిస్తుంది. తనకు రుచి లేకపోయినా నోటి అరుచిని పోగొట్టేది చేదు అని చరకుడు అన్నది ఇందుకే. ఈయనకు కావాల్సింది సరిగ్గా అది.

ఐదో రోజు ఉదయం ఫోన్ వచ్చింది. "డాక్టరమ్మ గారూ, ఆకలేస్తోంది!" అన్నారు. ఆ గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది.

ఆకలి నిలబడిందని నమ్మకం కుదిరాక, మరో వారం ఆగి శోధనకు, అంటే చెడిన దోషాన్ని బయటికి పంపే చికిత్సకు, దిగాను. శాస్త్రం ప్రకారం పైకి ఎగదన్నే ఆమ్లపిత్తానికి ముందు వమనం (మందుతో వాంతి చేయించడం) చెప్పారు. రెండున్నరేళ్లుగా వాంతులతో గొంతు ఒరిసిపోయిన మనిషికి మళ్లీ వాంతి చేయించడం నాకు ఇష్టం లేకపోయింది. విరేచనమే ఎంచుకున్నాను. తిక్తక ఘృతం (చేదు మూలికలతో కాచిన నెయ్యి) మొదటి రోజు 30 మిల్లీలీటర్లు, తర్వాత 60, 90, 120. ఆకలి లేనప్పుడు ఇదే నెయ్యి ఇచ్చి ఉంటే అరిగేది కాదు. మొదట్లో అన్నంలో వేయించిన రెండు చెంచాల నెయ్యే బరువైంది. ఆపైన మూడు రోజులు నూనె మర్దన, వేడినీళ్ల స్నానం, తేలిక భోజనం. నాలుగో రోజు పొద్దున క్లినిక్‌లోనే ఉంచుకుని విరేచనం కోసం త్రివృత్ లేహ్యం 25 గ్రాములు ఇచ్చాను. సాయంత్రానికి తొమ్మిది విరేచనాలయ్యాయి, చివరి రెండు పసుపు నీళ్లలా. నాడి, రక్తపోటు గంటకోసారి చూశాం. తర్వాత మూడు రోజుల్లో గంజి నుంచి మెత్తటి అన్నానికి, అక్కడి నుంచి మామూలు భోజనానికి వచ్చారు. ఇది ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదు. గర్భిణులకు, బలహీనులకు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నేను చేయించను.

శోధన అయ్యాక అవిపత్తికర చూర్ణం 3 గ్రాములు రాత్రి భోజనానికి ముందు, కషాయం ఒక పూట. ఇవి ఆరు వారాలు. రసౌషధాలు (పాదరసం, లోహాలతో చేసే మందులు) ఏవీ వాడలేదు. సూతశేఖర రసం ఇలాంటి రోగంలో చాలామంది రాస్తారు, దానిలో పాదరసం ఉంటుంది. ఆన్‌లైన్‌లో దాన్ని కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్లను చూస్తున్నాను, దయచేసి అలా చేయకండి.

పాంటోప్రజోల్ ఒక్కసారిగా ఆపలేదు. ఏళ్ల తరబడి వాడినదాన్ని తటాలున మానేస్తే ఆమ్లం మునుపటి కంటే ఎక్కువగా ఊరుతుంది, జబ్బు తిరగబెట్టిందని రోగి హడలిపోతాడు. ఆయన చూపించుకునే ఫిజీషియన్‌తో మాట్లాడి, డిసెంబరులో 20 మిల్లీగ్రాములకు, తర్వాత రోజు విడిచి రోజుకు తగ్గించి, జనవరి మొదటి వారంలో పూర్తిగా ఆపాం.

వంటింట్లో

మందులు రాయడం నా పని, కష్టమంతా ఆయన భార్యది. గుంటూరులో, అదీ మిర్చి యార్డు మనిషి ఇంట్లో, ఆరు వారాలు ఎండుమిర్చి వాడొద్దని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "మరి కూరలో ఏం వెయ్యమంటారు?" అన్నారు. జీలకర్ర, ధనియాలు, కొత్తిమీర, కరివేపాకు, కొద్దిగా అల్లం. చింతపండు బదులు ఉసిరి పొడి. పులుపుల్లో ఉసిరి, దానిమ్మ పిత్తానికి చెరుపు చేయవు. టమాటా, గోంగూర, ఊరగాయలు, ఉలవచారు పక్కన పెట్టించాను. బీర, పొట్ల, సొర, బూడిద గుమ్మడి పెసరపప్పుతో. కాకరకాయ వారానికి రెండుసార్లు, బెల్లం, చింతపండు లేకుండా.

ఇడ్లీ, దోసె మాన్పించడం దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఇడ్లీ జ్వరం వచ్చిన వాళ్లకు కూడా పెడతారు కదా అని ఆవిడ వాదన. పులిసిన పిండి ఈయన కడుపులో ఇంకా పులుస్తుందని చెప్పాను. బదులుగా పేలాలు, అటుకులు, గోధుమరవ్వ ఉప్మా. చద్దన్నం మాటా వచ్చింది. "చద్దన్నం చలవ కదండీ, మా మామగారు తొంభై ఏళ్లు దాని మీదే బతికారు" అన్నారు. మామగారు పొలంలో చెమటోడ్చిన మనిషి, ఆకలి మండిన మనిషి. ఆయనకు అది అమృతం. రాత్రంతా నానిన అన్నం తాకడానికి చల్లగా ఉన్నా, పుల్లబడ్డాక లోపల చేసేది వేడే. పెరుగు కూడా అంతే. రాత్రి పెరుగు మాన్పించి, మధ్యాహ్నం అప్పటికప్పుడు చిలికిన పల్చటి తియ్య మజ్జిగ, వేయించిన జీలకర్ర పొడితో ఉంచాను.

వేళలు మార్చడం ఇంకా కష్టమైంది. రాత్రి తొమ్మిదికి ముందు కొట్టు వదలడం ఆయన చేతిలో లేదు. చివరికి ఆవిడే దారి కనిపెట్టారు. ఏడున్నరకి కొడుకు సైకిలు మీద క్యారియర్ తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆయన అక్కడే తిని, పదిన్నరకి ఇంటికొచ్చి, పదకొండున్నరకి పడుకునేవారు. అర్ధరాత్రి మంట తగ్గడంలో నా కషాయం కంటే ఆ క్యారియర్ వాటా ఎక్కువని నా నమ్మకం. మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. టీలు రెండుకు దిగాయి, రెండూ టిఫిన్ తర్వాతే. మద్యం ఆపేశారు. సిగరెట్లు రెండుకు తగ్గాయి, మానలేదు. మిర్చి ఘాటుకు ముక్కు, నోరు కప్పుకునేలా తడి రుమాలు. ముఠా కూలీల మీద అరవబోయే ముందు పది సార్లు శీతలి ప్రాణాయామం చేయమన్నాను. కొట్టులో నాలుక మడిచి కూర్చుంటే నవ్వుతారని అది మానేసి, మౌనంగా పది గుక్కలు నీళ్లు తాగే పద్ధతి ఆయనే పెట్టుకున్నారు. అది పనిచేసింది కాబట్టి నేను మార్చలేదు.

తర్వాత

డిసెంబరు చివరికి మంట రెండుకు దిగింది. శోధన తర్వాత పసరు వాంతి ఒక్కసారే అయింది. ఒంటితల నొప్పి పోయింది. నాలుక శుభ్రపడింది. బరువు 69 కిలోలకు తగ్గి మళ్లీ 70కి వచ్చింది.

సంక్రాంతికి పడ్డారు. కనుమ నాడు మినుము తినాలి కదా అని గారెలు, కోడి కూర, ముందు రోజు పులిహోర. ఆ రాత్రే పసరు కక్కారు, మంట ఆరుకు ఎగిరింది. కంగారుపడి వచ్చారు. నేను మందు పెంచలేదు. రెండు రోజులు పేలాల జావ, ధనియాల నీళ్లు, వారం కషాయం. పది రోజుల్లో మళ్లీ రెండుకు వచ్చింది. ఎలా పడ్డారో, ఎలా లేచారో ఆయనకే తెలిసింది కాబట్టి ఆ తర్వాత భయం పోయింది.

పాంటోప్రజోల్ ఆపి మూడు వారాలు దాటాక, ఫిబ్రవరి మొదట్లో మలంలో హెచ్.పైలోరీ యాంటిజెన్ పరీక్ష చేయించాను, లేదని వచ్చింది. లివర్ పరీక్షలు మళ్లీ చేయిస్తే మామూలుగానే ఉన్నాయి. తిప్పతీగ వారాల పాటు వాడితే ఈ పరీక్ష తప్పనిసరిగా చేయిస్తాను. మార్చిలో సీజన్ ఒత్తిడిలో నడుము పట్టేసి రెండు డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నారు. ఆ రాత్రికే గుండెల్లో మంట. ఇంతకీ ఈ కేసులో ఎంత మేలు మందుది, ఎంత ఆ మాత్ర మానడానిది, ఎంత రాత్రి భోజనం వేళది అని విడదీసి చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చాం. నేను కచ్చితంగా చెప్పగలిగింది ఒకటే. మాత్ర మొదటి రోజే మానినా, చలవ మందులిచ్చిన పన్నెండు రోజులూ ఆకలి రాలేదు, పసరు ఆగలేదు. చేదు ఇచ్చిన ఐదో రోజున ఆకలి వచ్చింది.

ఏప్రిల్ చివర్లో చూసినప్పుడు మందులేవీ లేవు. అరికాళ్ల మంట ఎండ ఎక్కువైన రోజుల్లో ఇంకా వస్తోంది, కొబ్బరినూనె రాసుకుంటున్నారు. కూరల్లో సగం కారం తిరిగొచ్చింది. లేచి వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు. "వచ్చే నెల కొత్తావకాయ పెడతానండి. ఈయనకి..." అని నా వైపు చూశారు. మధ్యాహ్నం పూట, ఆకలి వేసిన రోజున, ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో ఒకే ఒక్క ముక్క అని చెప్పాను. రాత్రికి మాత్రం వద్దు. ఆయన జేబు తడుముకున్నారు. మురబ్బా పొట్లం లేదు.